విద్యుద్ఘాతం

విద్యుద్ఘాతం అనగా మనిషి లేదా జంతువు శరీరం గుండా విద్యుత్తు ప్రవహించినపుడు కలిగే హాని. దీనిని ఎలక్ట్రిక్ షాక్ అని, వాడుకలో కరెంటు షాకు అని, కరెంటు కొట్టడం అని అంటారు. ప్రవాహం స్వల్పమైతే చేతికి జలదరింపు మాత్రమే కలుగుతుంది. ప్రవాహం పెరిగిన కొలదీ కండరాలు బిగుసుకొనుట, ఊపిరి ఆగుట, గుండె లయ తప్పుట, శరీరం లోపలి భాగాలు కాలుట సంభవిస్తాయి. భారతదేశంలో విద్యుద్ఘాతం వలన ఏటా పది వేలకు పైగా ప్రజలు మరణిస్తున్నట్లు జాతీయ నేర గణాంక సంస్థ వార్షిక నివేదికలు తెలుపుతున్నాయి. వీటిలో అధిక భాగం నివారించదగినవే.

ఈ వ్యాసంలో విద్యుద్ఘాతం జరిగే విధానం, దాని ప్రభావం, నివారణ మార్గాలు, ప్రథమ చికిత్స వివరించబడినవి. హైదరాబాదు తూర్పు భాగంలోని ఉప్పల్, నాచారం ప్రాంతం ఉదాహరణగా తీసుకొనబడినది.

విద్యుత్తు శరీరంలోకి ప్రవేశించే విధానం

విద్యుత్తు ప్రవహించాలంటే వలయం పూర్తి కావలెను. అనగా బయలుదేరిన చోటికి తిరిగి చేరుటకు దానికి దారి ఉండవలెను. మన వీధులలోని ట్రాన్స్‌ఫార్మర్ వద్ద న్యూట్రల్ తీగను భూమికి కలుపుతారు. అందువలన భూమి కూడా ఆ వలయంలో ఒక భాగమవుతుంది. ఒక వ్యక్తి నేలపై నిలబడి ఫేజ్ తీగను తాకినపుడు విద్యుత్తు చేతి నుండి శరీరంలోకి ప్రవేశించి, పాదాల ద్వారా భూమిలోకి పోయి, ట్రాన్స్‌ఫార్మర్‌కు చేరుకుంటుంది. ఆ వ్యక్తి న్యూట్రల్ తీగను తాకకపోయినా వలయం పూర్తి అయినట్లే.

తీగపై వాలిన పక్షికి హాని కలుగకపోవడానికి కారణం కూడా ఇదే. పక్షి రెండు కాళ్ళూ ఒకే తీగపై ఉంటాయి, భూమితో దానికి సంబంధం ఉండదు. అదే పక్షి రెక్క పక్క తీగకు గానీ, ఇనుప స్తంభానికి గానీ తగిలితే మరణిస్తుంది.

విద్యుద్ఘాతం ముఖ్యంగా నాలుగు విధాలుగా జరుగుతుంది.

1. ప్రత్యక్ష స్పర్శ: విద్యుత్తు ఉన్న తీగను, స్విచ్చు లోపలి భాగాన్ని లేదా ప్లగ్గు రంధ్రాన్ని నేరుగా తాకుట.

2. పరోక్ష స్పర్శ: మామూలుగా విద్యుత్తు ఉండని లోహపు భాగానికి లోపం వలన విద్యుత్తు చేరినపుడు దానిని తాకుట. కూలర్ డబ్బా, నీటి మోటారు, ఇస్త్రీ పెట్టె, ఇనుప స్తంభం, బట్టలు ఆరవేసే తీగ ఇందుకు ఉదాహరణలు.

3. అడుగు వోల్టేజి: తెగిన తీగ నేలపై పడినపుడు ఆ చోటి నుండి చుట్టూ భూమిలోకి విద్యుత్తు వ్యాపిస్తుంది. తీగకు దగ్గరగా వోల్టేజి ఎక్కువగాను, దూరమైన కొలదీ తక్కువగాను ఉంటుంది. అక్కడ నడిచే మనిషి రెండు పాదాల మధ్య వోల్టేజి తేడా ఏర్పడి, ఒక కాలి నుండి మరొక కాలికి విద్యుత్తు ప్రవహిస్తుంది. పశువుల ముందు కాళ్ళకూ వెనుక కాళ్ళకూ మధ్య దూరం ఎక్కువ కాబట్టి అవి త్వరగా మరణిస్తాయి.

4. గాలి గుండా దూకుట: అధిక వోల్టేజి లైన్లకు బాగా సమీపించినపుడు తాకకుండానే మెరుపు వలె విద్యుత్తు శరీరంలోకి దూకుతుంది. రైల్వే లైన్లపై ఉండే తీగలలో 25 కిలోవోల్టులు ఉంటాయి. ఆగి ఉన్న గూడ్సు పెట్టెలపైకి ఎక్కినవారు తీగను ముట్టుకోకుండానే ప్రమాదానికి గురి కావడానికి ఇదే కారణం.

తీవ్రతను నిర్ణయించే అంశాలు

విద్యుద్ఘాతం తీవ్రత ప్రధానంగా శరీరం గుండా పోయే ప్రవాహం మీద, అది సాగిన కాలం మీద, వెళ్ళిన మార్గం మీద ఆధారపడి ఉంటుంది. ఓమ్ నియమం ప్రకారం వోల్టేజిని నిరోధంతో భాగిస్తే ప్రవాహం వస్తుంది. పొడి చర్మం నిరోధం వేల ఓమ్‌లు ఉంటుంది. చెమట పట్టినపుడు లేదా తడిసినపుడు శరీరం మొత్తం నిరోధం సుమారు 1,000 ఓమ్‌లకు పడిపోతుంది. అప్పుడు ఇంటిలోని 230 వోల్టుల తీగను తాకితే 0.23 ఆంపియర్, అనగా 230 మిల్లీఆంపియర్ల ప్రవాహం ఏర్పడుతుంది. ఇది ప్రాణాంతకం. ఒకే తీగను ఒకనాడు తాకినపుడు జలదరింపు మాత్రమే కలిగి, మరొకనాడు తాకినపుడు ప్రాణం పోవడానికి చర్మపు తడి, నేల తడి ముఖ్య కారణాలు.

50 హెర్ట్‌జ్ ఏకాంతర విద్యుత్తు వలన పెద్దవారిపై కలిగే ప్రభావాలు స్థూలంగా ఇవి:

* సుమారు 1 మిల్లీఆంపియర్: సన్నని జలదరింపు తెలుస్తుంది.
* సుమారు 5 మిల్లీఆంపియర్లు: నొప్పి కలుగుతుంది, కాని చేయి వెనక్కు తీసుకొనగలరు.
* 10 నుండి 20 మిల్లీఆంపియర్లు: ముంజేతి కండరాలు బిగుసుకొని, పట్టుకున్న వస్తువును వదలలేరు.
* సుమారు 30 మిల్లీఆంపియర్లు: ఛాతీ కండరాలు పట్టుకొని ఊపిరి తీయుట కష్టమవుతుంది.
* 50 నుండి 100 మిల్లీఆంపియర్లు, ఆపైన: ఒక సెకను, అంతకు మించి సాగితే గుండె జఠరికలు లయ తప్పి కంపించవచ్చును.
* కొన్ని ఆంపియర్లు: గుండె ఆగిపోవుట, లోతైన కాలిన గాయాలు.

వ్యక్తి బరువు, వయస్సు, ఆరోగ్యాన్ని బట్టి ఈ హద్దులు మారతాయి. పిల్లల విషయంలో ఇంకా తక్కువ ప్రవాహం కూడా ప్రమాదకరం. మార్గం కూడా ముఖ్యమే. ఒక చేతి నుండి మరొక చేతికి గానీ, చేతి నుండి పాదాలకు గానీ వెళ్ళే విద్యుత్తు గుండె మీదుగా పోతుంది.

శరీరంపై ప్రభావం

గుండె కొట్టుకొనుట కూడా అతి సూక్ష్మమైన విద్యుత్ సంకేతాల వలననే జరుగుతుంది. బయటి విద్యుత్తు ఆ సంకేతాలను చెదరగొడుతుంది. అప్పుడు జఠరికలు రక్తాన్ని నెట్టకుండా వణుకుతూ ఉంటాయి. మెదడుకు రక్తం అందక కొద్ది సెకన్లలో స్పృహ పోతుంది. కొద్ది నిమిషాలలో చికిత్స అందకపోతే మరణం సంభవిస్తుంది. ఇంటి విద్యుత్తు వలన జరిగే మరణాలలో ఎక్కువ భాగం ఈ విధమైనవే. ఒంటిపై చిన్న మచ్చ తప్ప మరే గాయమూ కనిపించకపోవచ్చును.

అధిక వోల్టేజి ప్రమాదాలలో కాలిన గాయాలు ప్రధానం. చర్మంపై చిన్న గాయమే కనిపించినా లోపల కండరాలు, నరాలు, రక్తనాళాలు కాలిపోయి ఉండవచ్చును. చనిపోయిన కండరాల నుండి వెలువడే పదార్థాలు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. కొందరికి కొన్ని నెలల తరువాత కంటిలో శుక్లాలు ఏర్పడతాయి. స్తంభం మీది నుండి, నిచ్చెన మీది నుండి పడుట వలన తలకు, వెన్నెముకకు దెబ్బలు తగులుతాయి. కాబట్టి పెద్ద షాకుకు గురైనవారు బాగానే ఉన్నట్లు కనిపించినా ఆసుపత్రికి వెళ్ళవలెను.

ఫ్యూజు, ఎం.సి.బి. మనిషిని ఎందుకు కాపాడలేవు

ఇంటిలో ఫ్యూజు లేదా ఎం.సి.బి. ఉన్నందున షాకు కొట్టదని పలువురు భావిస్తారు. ఇది ప్రమాదకరమైన పొరపాటు. ఈ సాధనాలు తీగలు వేడెక్కి కాలిపోకుండా, మంటలు పుట్టకుండా కాపాడుట కొరకు ఏర్పడినవి. లైట్ల వలయానికి సాధారణంగా 6 ఆంపియర్ల ఎం.సి.బి. పెడతారు. మనిషి ప్రాణం తీయుటకు 0.1 ఆంపియర్ చాలును. ఆ ఎం.సి.బి. దృష్టిలో మనిషి ఒక చిన్న బల్బు వంటివాడు. అది పడిపోదు, విద్యుత్తు ప్రవహిస్తూనే ఉంటుంది.

మనిషిని కాపాడే సాధనం ఆర్.సి.సి.బి. ఇది ఫేజ్ తీగలో వెళ్ళిన ప్రవాహాన్ని, న్యూట్రల్ తీగలో తిరిగివచ్చిన ప్రవాహాన్ని ఎప్పటికప్పుడు పోల్చుతూ ఉంటుంది. రెండూ సమానంగా ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్లు. తేడా వస్తే కొంత విద్యుత్తు వేరే దారిలో, బహుశా ఒక మనిషి గుండా, భూమిలోకి పోతున్నట్లు. తేడా 30 మిల్లీఆంపియర్లకు చేరేసరికి సరఫరాను 0.3 సెకనులోపు నిలిపివేయునట్లు ఇళ్ళలో వాడే సాధనాలను తయారుచేస్తారు. అయితే ఒకే వ్యక్తి ఒక చేతితో ఫేజ్‌ను, మరొక చేతితో న్యూట్రల్‌ను పట్టుకొని, భూమికి విద్యుత్తు పోకుండా ఉంటే ఈ సాధనం తేడాను గుర్తించలేదు. కనుక ఆర్.సి.సి.బి. ఉన్నప్పటికీ జాగ్రత్త అవసరమే.

చరిత్ర

మనిషి తయారుచేసిన విద్యుత్తు వలన నమోదైన తొలి మరణాలలో ఒకటి 1879లో ఫ్రాన్సులోని లియోన్ నగరంలో జరిగినది. నాటకశాలలో పనిచేసే ఒక వడ్రంగి సుమారు 250 వోల్టుల తీగను తాకి మరణించాడు. 1899లో జెనీవాకు చెందిన ప్రెవో, బతెల్లి అనే శాస్త్రవేత్తలు జంతువులపై పరిశోధించి, చిన్న విద్యుద్ఘాతం గుండె లయను తప్పించగలదని, బలమైన మరొక ఘాతం దానిని తిరిగి సరిచేయగలదని గుర్తించారు.

లైన్‌మన్‌ల మరణాలు పెరుగుతున్న రోజులలో విద్యుత్ సంస్థల ప్రోత్సాహంతో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో విలియం కౌవెన్‌హోవెన్ అనే విద్యుత్ ఇంజనీరు పరిశోధనలు చేపట్టాడు. ఆయన జేమ్స్ జూడ్, గై నికర్‌బాకర్‌లతో కలసి ఛాతీపై నొక్కి రక్తప్రసరణ సాగించే పద్ధతిని 1960లో ప్రకటించాడు. నేడు ప్రపంచమంతటా నేర్పే సి.పి.ఆర్. పద్ధతికి ఇది మూలం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చార్లెస్ డాల్‌జియెల్ ఎంత ప్రవాహం వద్ద మనిషి పట్టు వదలలేడో కొలిచి, 1961లో భూమికి కారే స్వల్ప ప్రవాహాన్ని గుర్తించి సరఫరాను ఆపే సాధనాన్ని రూపొందించాడు.

హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున 1920లో థర్మల్ విద్యుత్ కేంద్రం నెలకొల్పబడినది. 1959లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ మండలి ఏర్పడినది. 1999లో దానిని విభజించిన తరువాత పంపిణీ బాధ్యత వేరు సంస్థలకు అప్పగించబడినది. తెలంగాణ ఏర్పడిన తరువాత హైదరాబాదు పరిసరాలకు విద్యుత్తు సరఫరా చేయు సంస్థ తెలంగాణ దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థ. దీని పొట్టి పేరు మొదట టి.ఎస్.ఎస్.పి.డి.సి.ఎల్., 2024 నుండి టి.జి.ఎస్.పి.డి.సి.ఎల్.

ఉప్పల్, నాచారం ప్రాంతం

ఉప్పల్, నాచారం, రామంతాపూర్, హబ్సిగూడ పరస్పరం ఆనుకొని ఉన్న ప్రాంతాలు. నాచారంలోను, ఉప్పల్‌లోను పారిశ్రామికవాడలు ఉన్నాయి. మల్లాపూర్, మౌలాలి, చర్లపల్లి పారిశ్రామికవాడలు కూడా సమీపంలోనే ఉన్నాయి. పారిశ్రామికవాడల చుట్టూ కార్మికుల నివాసాలు, పాత గ్రామాల ఇరుకు వీధులు, కొత్తగా వెలసిన బహుళ అంతస్తుల భవనాలు కలసి ఉన్నాయి. ఒకప్పుడు ఒక అంతస్తు ఇళ్ళు ఉన్నపుడు వేసిన 11 కిలోవోల్టుల లైన్లు, తరువాత ఇళ్ళపై అంతస్తులు పెరిగినందున, బాల్కనీలకు చేతికి అందేంత దగ్గరయ్యే పరిస్థితి ఇటువంటి ప్రాంతాలలో ఏర్పడుతుంది. అవే స్తంభాలపై టీవీ కేబుళ్ళు, ఇంటర్నెట్ కేబుళ్ళు కట్టలుగా వేలాడుతుంటాయి.

రామంతాపూర్ చెరువు, ఉప్పల్ నల్లచెరువు, నాచారం చెరువు ఈ ప్రాంతంలోని జలాశయాలు. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో హైదరాబాదులో కురిసిన భారీ వర్షాలకు హబ్సిగూడ, రామంతాపూర్ పరిసరాలలోని కాలనీలు నీట మునిగాయి. సెల్లారులో మీటర్ల బోర్డులు ఉన్న భవనాలలో ఇటువంటి సమయంలో నీటిలోకి దిగుట ప్రాణాపాయం.

2025 రామంతాపూర్ ప్రమాదం

2025 ఆగస్టు 17 ఆదివారం రాత్రి రామంతాపూర్‌లో శ్రీకృష్ణాష్టమి ఉత్సవాల ఊరేగింపు జరిగినది. రథాన్ని లాగుతున్న వాహనం మొరాయించగా, దానిని పక్కన నిలిపి, యువకులు రథాన్ని చేతులతో తోసుకుంటూ తీసుకొనిపోయారు. ఆ సమయంలో రథానికి విద్యుత్తు ప్రసరించి ఐదుగురు మరణించారు, మరికొందరు గాయపడ్డారు. స్తంభాలపై ఉన్న ఒక కేబుల్ తీగ 11 కిలోవోల్టుల లైనుకు తగులుట, ఆ కేబుల్ రథానికి తగులుట ఇందుకు కారణమని పంపిణీ సంస్థ ప్రాథమికంగా తెలిపినది. రాష్ట్ర ప్రభుత్వం మృతుల కుటుంబాలకు ఐదేసి లక్షల రూపాయల సహాయం ప్రకటించినది. మరునాటి రాత్రి పాతబస్తీ వైపు బండ్లగూడలో వినాయక విగ్రహాన్ని తరలిస్తుండగా విద్యుత్ తీగలు తగిలి మరో ఇద్దరు మరణించారు. తరువాత నగరమంతటా స్తంభాలపై ఉన్న కేబుళ్ళను తొలగించే పని వేగంగా మొదలైనది. ఇంటర్నెట్ సేవలకు అంతరాయం కలుగుట వలన ఆ వివాదం రాష్ట్ర హైకోర్టుకు చేరినది.

ఇటువంటి ప్రమాదం జరిగే తీరును విద్యుత్ శాస్త్ర రీత్యా ఇలా వివరించవచ్చును. 11 కిలోవోల్టుల లైనులో ఒక తీగకూ భూమికీ మధ్య వోల్టేజి సుమారు 6,350 వోల్టులు. టైర్ల మీద నిలిచిన లోహపు చట్రానికి ఈ వోల్టేజి చేరినపుడు, రబ్బరు అడ్డుగా ఉన్నందున భూమికి తేలికైన దారి ఉండదు. నేలపై నిలబడి ఆ చట్రాన్ని పట్టుకున్న మనుషులే భూమికి దారి అవుతారు. ఒకేసారి పలువురు పట్టుకొని ఉంటే పలువురూ ఘాతానికి గురవుతారు. కండరాలు బిగుసుకొనుట వలన కొందరు వదలలేరు, మరికొందరు దూరంగా విసిరివేయబడతారు.

తమిళనాడులోని తంజావూరు సమీపంలో కలిమేడు గ్రామంలో 2022 ఏప్రిల్ 27 తెల్లవారుజామున ఇదే విధంగా ఆలయ రథం విద్యుత్ తీగకు తగిలి పదకొండు మంది మరణించారు. చోటు వేరైనా క్రమం ఒక్కటే: ఎత్తైన రథం, రాత్రి వేళ, మార్గాన్ని ముందుగా కొలవకపోవుట, లైనులో సరఫరా ఉండుట.

ప్రమాదాలకు సాధారణ కారణాలు

ఇళ్ళలో

* వేసవిలో ఇనుప డబ్బా కూలర్లు. నీరు, లోహం, మోటారు ఒకేచోట ఉండుట వలన తీగ పూత చెడితే డబ్బా అంతటికీ విద్యుత్తు వస్తుంది. కూలర్ నడుస్తుండగా నీరు పోయుట వలన ప్రమాదాలు జరుగుతాయి.
* బకెట్టులో వేసే హీటరు రాడ్డు. స్విచ్చు ఆపకుండా నీటి వేడిని వేలితో చూచుట మిక్కిలి ప్రమాదకరం.
* మూడు పిన్నుల ప్లగ్గుకు బదులు రెండు పిన్నుల ప్లగ్గు పెట్టుట, లేదా తీగలను నేరుగా సాకెట్టు రంధ్రాలలో దూర్చుట.
* విద్యుత్ స్తంభానికి లేదా రేకుల కప్పుకు కట్టిన ఇనుప తీగపై తడి బట్టలు ఆరవేయుట.
* డాబాపై నుండి పొడవాటి ఇనుప కడ్డీలు, పైపులు పైకి లాగుట.

పరిశ్రమలలో

* పూత చిరిగిన వెల్డింగ్ కేబుళ్ళు, గ్రైండింగ్, డ్రిల్లింగ్ యంత్రాలు.
* తడి నేలపై చెప్పులు లేకుండా పనిచేయుట.
* ఒకరు యంత్రాన్ని మరమ్మతు చేస్తుండగా తెలియక మరొకరు స్విచ్చు వేయుట.
* అల్యూమినియం నిచ్చెనలు, క్రేన్లు పై తీగలకు తగులుట.

పొలాలలో

* మోటారు స్టార్టరు పెట్టెలకు విద్యుత్తు ప్రసరించుట.
* ట్రాన్స్‌ఫార్మర్ వద్ద ఫ్యూజును రైతులే స్వయంగా వేసుకొనుట.
* అడవి పందుల కొరకు అక్రమంగా కంచెకు విద్యుత్తు ఇచ్చుట. దీనివలన ఆ దారిన పోయే మనుషులు, పశువులు, వన్యమృగాలు మరణిస్తున్నాయి.

నివారణ

ఎర్తింగ్

పరికరం యొక్క లోహపు పైభాగాన్ని మూడవ తీగ ద్వారా భూమికి కలుపుటను ఎర్తింగ్ అంటారు. పైభాగానికి విద్యుత్తు చేరినపుడు మనిషి కంటే ఎంతో తక్కువ నిరోధం గల ఈ దారిలో అధిక భాగం భూమికి పోతుంది. ప్రవాహం తగినంత ఉంటే ఎం.సి.బి. కూడా పడిపోతుంది. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను పొడవుగా, లావుగా ఉంటుంది. ప్లగ్గు పెట్టేటపుడు అది ముందుగా కలుస్తుంది, తీసేటపుడు చివరగా విడిపోతుంది. ఎర్త్ తీగ రంగు ఆకుపచ్చ, లేదా ఆకుపచ్చపై పసుపు చారలు. ఎర్త్ గుంట ఎండిపోతే దాని నిరోధం పెరుగుతుంది. కనుక వేసవిలో గుంటలో నీరు పోయించవలెను. ఏటా ఒకసారి లైసెన్సు గల ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించవలెను.

ఇంటి జాగ్రత్తలు

* మెయిన్ బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. అమర్చుకొనవలెను. దానిపై ఉన్న పరీక్ష మీటను తయారీదారు సూచించిన వ్యవధిలో నొక్కి చూడవలెను. నొక్కినపుడు పడిపోకపోతే వెంటనే మార్పించవలెను.
* స్విచ్చు ఫేజ్ తీగపైనే ఉండవలెను. న్యూట్రల్‌పై ఉంటే స్విచ్చు ఆపినా బల్బు హోల్డరులో విద్యుత్తు ఉంటుంది.
* మరమ్మతుకు ముందు మెయిన్ స్విచ్చు ఆపి, టెస్టరుతో పరీక్షించి చూడవలెను. టెస్టరు పనిచేయుచున్నదో లేదో ముందుగా సరఫరా ఉన్నచోట సరిచూసుకొనవలెను.
* ఇన్వర్టరు ఉన్న ఇంటిలో మెయిన్ ఆపినా కొన్ని వలయాలలో 230 వోల్టులు ఉంటాయి. దానిని కూడా ఆపవలెను.
* జనరేటరును మార్పిడి స్విచ్చు లేకుండా ఇంటి తీగలకు కలుపరాదు. ఆ విద్యుత్తు ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా వెనుకకు పోయి, లైనుపై పనిచేసే లైన్‌మన్ ప్రాణం తీయగలదు.
* సెల్లారులోకి నీరు వస్తే సరఫరా ఆపించిన తరువాతనే లోపలికి వెళ్ళవలెను.

లైన్ల నుండి ఉండవలసిన దూరం

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనల ప్రకారం 11 కిలోవోల్టుల లైను భవనానికి పక్కగా పోతే కనీసం 1.2 మీటర్లు, పైగా పోతే కనీసం 3.7 మీటర్ల దూరం ఉండవలెను. ఇళ్ళకు సరఫరా ఇచ్చే తక్కువ వోల్టేజి లైన్లకు ఈ దూరాలు 1.2 మీటర్లు, 2.5 మీటర్లు. వీధిని అడ్డంగా దాటే 11 కిలోవోల్టుల లైను నేల నుండి కనీసం 6.1 మీటర్ల ఎత్తులో ఉండవలెను. ఇంటిపై కొత్త అంతస్తు కట్టేవారు ముందుగా ఈ దూరాలను చూచుకొని, చాలకపోతే లైను మార్చుటకు పంపిణీ సంస్థకు దరఖాస్తు చేసుకొనవలెను.

ఊరేగింపులు, మండపాలు

6.1 మీటర్లు అనగా సుమారు 20 అడుగులు. అయితే వేలాడే కేబుళ్ళు దీనికంటే ఎంతో క్రిందుగా ఉంటాయి. కనుక రథం లేదా విగ్రహం ఎత్తును వాహనంతో కలిపి కొలిచి, మార్గమంతా పగటిపూట నడచి పరిశీలించవలెను. విద్యుత్ కార్యాలయానికి ముందుగా తెలిపి, ఊరేగింపు సమయంలో ఆ మార్గంలో సరఫరా నిలిపివేయించుకొనవలెను. తీగలను కర్రలతో పైకి ఎత్తుట ఎన్నడూ చేయరాదు. తడిసిన కర్ర గానీ వెదురు గానీ 11 కిలోవోల్టులను ఆపలేదు. మండపాలకు స్తంభం నుండి కొక్కెం వేసి విద్యుత్తు తీసుకొనుట నేరమే గాక ప్రాణాపాయం కూడా. అనుమతితో తాత్కాలిక కనెక్షను తీసుకొని, దానికి ఆర్.సి.సి.బి. అమర్చవలెను.

పరిశ్రమలు

మరమ్మతు చేయు వ్యక్తి మెయిన్ స్విచ్చును ఆపి, దానికి తన తాళం వేసి, తాళపుచెవి తన వద్దనే ఉంచుకొనవలెను. స్విచ్చుపై హెచ్చరిక పలక కట్టవలెను. లైన్‌మన్‌లు "లైన్ క్లియర్" తీసుకొని, లైనులో విద్యుత్తు లేదని పరీక్షించి, ఇరువైపులా లైనును భూమికి కలిపిన తరువాతనే పనిచేయవలెను.

తెగిపడిన తీగ కనిపించినపుడు

చప్పుడు, మెరుపు లేనంత మాత్రాన తీగలో విద్యుత్తు లేదని భావించరాదు. సబ్‌స్టేషన్‌లో సరఫరా ఆగినా తిరిగి వేయబడవచ్చును. కనీసం 10 మీటర్ల దూరంలో ఉండి, ఇతరులను దగ్గరకు రానీయకుండా 1912 నంబరుకు ఫోను చేయవలెను. తీగకు దగ్గరలో ఉన్నట్లు గుర్తించినపుడు పెద్ద అడుగులు వేయరాదు. పాదాలు రెండూ కలిపి ఉంచి, చిన్నగా జరుపుకుంటూ దూరంగా పోవలెను. వాహనంపై తీగ పడితే లోపలివారు సరఫరా ఆగేవరకు లోపలనే ఉండవలెను.

ప్రథమ చికిత్స

1. బాధితుని వెంటనే తాకరాదు. తాకినవారు కూడా అదే వలయంలో భాగమవుతారు.

2. ముందుగా స్విచ్చు లేదా మెయిన్ ఆపవలెను. ఇంటి వోల్టేజి అయి, ఆపుటకు వీలు కాకపోతే, పొడి చెక్కపై గానీ ప్లాస్టిక్ కుర్చీపై గానీ నిలబడి, పొడి కర్రతో బాధితుని తీగ నుండి వేరు చేయవలెను. 11 కిలోవోల్టుల లైన్ల విషయంలో ఈ ప్రయత్నం చేయరాదు. సరఫరా ఆగినదని విద్యుత్ సిబ్బంది చెప్పేవరకు దగ్గరకు పోరాదు.

3. 108కి ఫోను చేయవలెను.

4. స్పృహ లేక, ఊపిరి ఆడకపోతే బాధితుని వెల్లకిలా పడుకోబెట్టి సి.పి.ఆర్. మొదలుపెట్టవలెను. ఛాతీ మధ్యలో రెండు అరచేతులనూ ఒకదానిపై ఒకటి ఉంచి, నిమిషానికి 100 నుండి 120 సార్లు, 5 నుండి 6 సెంటీమీటర్ల లోతుకు నొక్కవలెను. శిక్షణ పొందినవారు ప్రతి 30 నొక్కులకు 2 సార్లు నోటితో శ్వాస ఇవ్వవచ్చును. శిక్షణ లేనివారు నొక్కుట మాత్రమే చేసినా ఉపయోగకరమే. అంబులెన్సు వచ్చేవరకు ఆపరాదు.

5. కాలిన గాయాలను చల్లని నీటితో కడిగి, శుభ్రమైన పొడి గుడ్డతో కప్పవలెను. సరఫరా ఆగినదని రూఢి చేసుకొన్న తరువాతనే నీరు వాడవలెను. పసుపు, ఇంకు, పళ్ళపొడి వంటివి పూయరాదు.

6. ఎత్తు నుండి పడినవారి మెడను కదిలించరాదు.

అపోహలు

* కరెంటు మనిషిని లాక్కుంటుంది: విద్యుత్తు మనిషిని ఆకర్షించదు. అరచేతి వైపు కండరాలు బిగుసుకొని, పట్టు గట్టిపడుట వలన అలా అనిపిస్తుంది.
* ఇసుకలో గానీ మట్టిలో గానీ పాతితే ఒంటిలోని కరెంటు దిగిపోతుంది: తీగతో సంబంధం తెగిన తరువాత శరీరంలో విద్యుత్తు నిలువ ఉండదు. పాతుటకు వెచ్చించే సమయంలో సి.పి.ఆర్. చేస్తే ప్రాణం దక్కవచ్చును.
* చెప్పులు వేసుకుంటే షాకు కొట్టదు: తడిసిన, అరిగిన చెప్పులు రక్షణ ఇవ్వవు. మరొక చేయి గోడకు గానీ కుళాయికి గానీ తగిలితే చెప్పులున్నా వలయం పూర్తవుతుంది.

చట్టాలు

దేశంలో విద్యుత్ భద్రతకు ప్రస్తుతం 2003 విద్యుత్ చట్టం ఆధారం. దాని క్రింద కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో భద్రతా నిబంధనలు జారీచేసినది. వాటి స్థానంలో 2023లో కొత్త నిబంధనలు వచ్చినవి. చట్టంలోని 161వ సెక్షను ప్రకారం విద్యుత్ ప్రమాదంలో మనుషులు గానీ పశువులు గానీ మరణించినా, గాయపడినా ఆ విషయాన్ని విద్యుత్ ఇన్‌స్పెక్టరుకు తెలుపవలెను. ప్రభుత్వం విచారణకు ఆదేశించవచ్చును. 135వ సెక్షను ప్రకారం స్తంభాల నుండి కొక్కేలు వేసి విద్యుత్తు తీసుకొనుట శిక్షార్హమైన నేరం. ప్రమాదం జరిగిన తరువాత పోలీసులకు, పంపిణీ సంస్థ స్థానిక కార్యాలయానికి వ్రాతపూర్వకంగా తెలియజేసి, నకలు ఉంచుకొనుట వలన బాధిత కుటుంబం నష్టపరిహారం పొందుటకు వీలు కలుగుతుంది. వాలిన స్తంభం, జారిన తీగ, మూత లేని ఫ్యూజు పెట్టె వంటి వాటిపై ప్రమాదం జరుగక ముందే 1912కు ఫిర్యాదు చేసి, ఫిర్యాదు సంఖ్యను వ్రాసి ఉంచుకొనవలెను.